దొర ప్రవరలో లేని పేరు

1980 ఫిబ్రవరి పదహారు... శనివారం... అమావాస్య!

మధ్యాహ్నం రెండున్నర దాటింది. విశాఖపట్నం మీద ఎండ కాస్తూనే ఉంది... కానీ ఆ ఎండలో వేడి లేదు, ప్రాణం లేదు! భానుబింబాన్ని రాహువు ఒక అంచు నుంచి కొరకడం మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకుంది. కురుపాం మార్కెట్లో కుక్కలు తప్ప మనిషి జాడ లేదు. రేవులో క్రేన్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఇనుప ఖనిజం మోసే బెల్టు కూడా ఆ రోజు మూలగడం మానేసింది.

పాత పోస్టాఫీసు వెనక కొండవాలులో ఒక పాడుబడ్డ దొర బంగళా ఉంది. రేవు మీంచి ఎగిరొచ్చిన ఎర్రటి దుమ్ము ఏళ్ళ తరబడి పేరుకుని దాని గోడలు ఎండిన నెత్తురు రంగుకు తిరిగాయి. పట్టపగలే ఆ బంగళా కప్పు మీద గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, మూడుసార్లు! లోపల హాల్లో గురునాథరావు ఆ కూత విని తృప్తిగా తలూపాడు.

యాభై ఏళ్ళ మనిషి. నుదుట రూపాయంత కుంకుమ, మెడలో ఎముకల దండ, నడుముకి ఎర్ర పట్టుపంచె. వారం రోజుల క్రితం వరకూ తెల్ల ఖద్దరు చొక్కా వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన పెద్దమనిషే! పర్లాకిమిడి అడవుల్లో పన్నెండేళ్ళు ఒక క్షుద్రోపాసకుడి కాళ్ళు పట్టి నేర్చుకున్న విద్య అతనిది. ఆ విద్యతో ఒక్కడికి మేలు జరిగిన దాఖలా లేదు.

అతని ఎదురుగా, మెట్ల మొదట్లో, బూడిదతో గీసిన వలయం మధ్య ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. జుట్టు విరబోసి ఉంది. తల ఒక పక్కకి వాలిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటిలో చూపు లేదు. ఆమె పేరు తాయారు. వయసు ఇరవై రెండు. గురునాథరావుకి సొంత అన్న కూతురు!

అవును, సొంత అన్న కూతురే!

ఉక్కు కర్మాగారం కోసం వాళ్ళ ఊరి భూములు పోయినప్పుడు, పోయిన ప్రతి ఇంటికీ ఒక కార్డు ఇస్తామన్నారు. ఆ కార్డు మీద ఇంట్లో ఒకరికి ఉద్యోగం, ఉండడానికి స్థలం. తాయారు తండ్రి అప్పటికే కాలం చేశాడు. కుటుంబ వివరాల కోసం వంశవృక్షం రాసివ్వమని గురునాథరావుని అడిగారు. ఆ దుర్మార్గుడు ఏం రాశాడో తెలుసా? తండ్రి పేరు కింద రెండు గీతలు గీశాడు. ఒక గీత చివర తన పేరు రాసుకున్నాడు. రెండో గీత చివర అన్న పేరు రాసి, దాని పక్కన ఒకే ఒక్క మాట రాశాడు. 'నిస్సంతు'! కింద సంతకం పెట్టాడు. పురిట్లో తను చూసిన పిల్లని, తన భుజాల మీద పెరిగిన పిల్లని, ఒక్క కలం పోటుతో పుట్టనే లేదనేసి, ఆ ఇంటికొచ్చే కార్డు తనే దక్కించుకున్నాడు! ఆ తల్లీకూతుళ్ళు ఊరూ ఇల్లూ పోగొట్టుకుని సీతమ్మధారలో ఒక డాక్టరుగారింట వంటపనికి కుదిరారు.

కానీ తాయారు ఊరుకునే పిల్ల కాదు. అర్జీ మీద అర్జీ పెట్టింది. చివరికి పై అధికారి విచారణకి పిలిచాడు. ఎల్లుండి సోమవారం! తాయారు వెళ్ళి తన నోటితో చెబితే గురునాథరావు పని అయిపోయినట్టే. అందుకే ఆ రోజు పొద్దున్న ఆమెకి కబురు పెట్టాడు... "సింహాచలం రామ్మా. గ్రహణానికి గుడి తలుపులు మూసీలోపు అప్పన్న సన్నిధిలో తప్పు ఒప్పుకుంటాను" అని! పిచ్చిపిల్ల నమ్మింది. తలుపులు మూసేశారని, ప్రసాదం మాత్రం తెచ్చానని కొండమెట్ల దగ్గర పులిహోర చేతిలో పెట్టాడు. అందులో ఉమ్మెత్త గింజల పొడి కలిపి ఉంది. దేవుడి పేరు చెప్పి విషం పెట్టినవాడిని ఏమనాలో నాకు తెలియదు.

చంపడం అతని ఉద్దేశం కాదు. చంపితే పోలీసులు. అతనికి కావలసింది ఆమె దేహం! అందులోంచి ఆమెని తోలేసి మరొకణ్ణి కూర్చోబెట్టాలి. సోమవారం ఆ దేహమే వెళ్ళి 'నేను ఈయన అన్న కూతుర్ని కాను' అని సంతకం చెయ్యాలి. గ్రహణం విడిచేలోగా ఆ పని పూర్తయితే, తాయారు మళ్ళీ ఎప్పటికీ తన ఒంట్లోకి తిరిగి రాలేదు!

ఆ కూర్చోబోయేవాడు మెట్ల పైన, సీసపు పెట్టెలో ఉన్నాడు.

ఆ బంగళా కట్టించిన ఆర్థర్ దొర నూరేళ్ళ క్రితం కలరాతో ఈ ఊళ్ళోనే పోయాడు. ఇంగ్లండు నుంచి ఓడెక్కినప్పుడు అతను వెంట తెచ్చుకున్న వస్తువులు రెండు. ఒకటి వంశ చరిత్ర పుస్తకం. రెండోది ఆ సీసపు పెట్టె. పెట్టెలో ఉన్నది కపాలం! ఏడు వందల ఏళ్ళ నాటి కపాలం! ఆర్థర్ దొర పూర్వీకుడు, హార్న్‌వెల్ కోటకి అధిపతి, బారన్ గిల్బర్ట్ తల అది.

గిల్బర్ట్ చరిత్ర చదివిన రోజు గురునాథరావుకి ఆనందంతో నిద్ర పట్టలేదు. నలభై ఊళ్ళు ఏలిన ప్రభువు! శిస్తు కట్టని రైతుల్ని వాళ్ళ పొలాల గట్ల మీదే ఉరి తీయించినవాడు! కోటలో వాటా అడిగిన సొంత తమ్ముడి కళ్ళు పొడిపించినవాడు! చివరికి రాజు మీదే కత్తి ఎత్తి, ఓడిపోయి, తల నరికించుకున్నాడు. ఆ తలని అతని కోట గుమ్మానికే గుచ్చి వేలాడదీశారు. 'ఇలాంటివాడు నా చేతికింద ఉంటే ఈ పట్నంలో నాకు ఎదురేది?' అనుకున్నాడు గురునాథరావు. తమ్ముడి కళ్ళు పొడిపించిన ఘట్టాన్ని మాత్రం రెండుసార్లు చదువుకున్నాడు.

ప్రేతాన్ని పిలవాలంటే ప్రవర చెప్పాలి. చివరివాడి నుంచి మొదటివాడి దాకా వంశంలో ప్రతి పేరూ వరసగా పలుకుతూ పైకెక్కాలి. దానికీ దారి సిద్ధంగానే ఉంది. ఆర్థర్ దొర తన వంశంలో తరాలు లెక్కపెట్టుకుని మరీ ఆ చెక్కమెట్లు కట్టించాడు... ఇరవై రెండు తరాలు, ఇరవై రెండు మెట్లు! గురునాథరావు ఒక్కో మెట్టు మీద ఒక్కో ఆముదపు దీపం పెట్టించాడు. అన్నిటికంటే పై మెట్టు మీద కపాలం, దాని ముందొక దీపం.

పొద్దున్న ఆ దీపాలు సర్దింది ఎల్లారావు. ఒకప్పుడు సముద్రం మీద వేటకెళ్ళి, చూపు తగ్గి, ఇప్పుడు ఆ బంగళాకి కాపలా ఉంటున్న ముసలివాడు.

"బాబూ, ఒక మెట్టు మిగిలిపోనాది. ఇరవై ఒకటోది. దీపం ఎట్టమంటావేటి?" అని అడిగాడు.

"అక్కర్లేదు. అది ఆడదాని మెట్టు. ఆ గిల్బర్ట్ దొరకి కొడుకుల్లేరు, కూతురు. దాని కొడుకు నించి మళ్ళీ వంశం నడిసినాది. మన ప్రవరలో ఆడపేర్లు ఉంతాయేట్రా? తాత పక్కన మనవణ్ణి ఎట్టేసినాను. సరిపోద్ది" అన్నాడు గురునాథరావు.

ఎల్లారావు ఆ మెట్టు వదిలేశాడు. కానీ ఆ తర్వాత గురునాథరావు జీపులోంచి తాయారుని దించడం చూశాడు. మోసుకొస్తుంటే ఆ పిల్ల పెదాలు కదిలాయి. "సీతమ్మధార... డాక్టరుగారిల్లు... మా అమ్మకి సెప్పు తాతా..." అంది. ముసలివాడు 'నూనె తెస్తాను బాబూ' అని చెప్పి సైకిలెక్కాడు. వెళ్ళింది నూనె కోసం కాదు.

మూడు గంటలు దాటింది... సూర్యుడు సగం మాయమయ్యాడు! కాకులు గుంపులుగా గూళ్ళకి మళ్ళాయి. గబ్బిలాలు బంగళా చూరులోంచి ఊడిపడి హాలంతా చక్కర్లు కొట్టాయి. సముద్రం మీంచి చల్లటి గాలి వీచింది. ఆ గాలికి ఇరవై ఒక్క దీపాల్లో ఒక్కటీ వణకలేదు!

గురునాథరావు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"హ్రీం... ఫట్! ఆర్థర్ వర్మ నామధేయా, ఉత్తిష్ఠ!"

దీపం భగ్గుమని నిలువెత్తు లేచింది! వలయంలో తాయారు దేహం ఒక్కసారి ఎగిరిపడింది. రెండో మెట్టు... హెన్రీ వర్మ! మూడో మెట్టు... ఎడ్వర్డ్ వర్మ! ఎముకలు మట్టిలో కలిసిపోయిన ఇంగ్లీషు దొరలందరికీ వర్మ అని తగిలించి తన భాషలోకి లాగేసుకున్నాడు ఘనుడు. అయినా వాళ్ళు పలికారు. ప్రతి పేరుకీ ఒక జ్వాల, ప్రతి జ్వాలకీ ఆ పిల్ల గొంతులోంచి ఒక పరాయి మగగొంతు మూలుగు... పదో మెట్టు దాటేసరికి ఆమె ముక్కులోంచి రక్తం ధార కట్టింది.

అప్పుడు తలుపు మీద దబదబా చప్పుడు!

"ఒరే గురునాదం! తలుపు తియ్యరా! నా పిల్లని ఏటి సేత్తన్నావురా?"

ఆదిలక్ష్మమ్మ! తాయారు తల్లి! గ్రహణం పట్టిన వీధుల్లో, ఒక్క పురుగు కూడా కదలని వీధుల్లో, ముసలివాడి సైకిలు వెనక కూర్చుని వచ్చింది. చెదలు తిన్న ఆ తలుపు ఇద్దరి భుజాలకీ ఆగలేదు. లోపలికి దూసుకొచ్చిన ఆమె కూతుర్ని చూసి కెవ్వున అరిచింది. పరిగెత్తి వలయంలో చెయ్యి పెట్టింది. చర్మం కాలిన వాసన! చెయ్యి వెనక్కి లాక్కుంటే అరచేయంతా బొబ్బలెక్కింది.

పన్నెండో మెట్టు మీంచి గురునాథరావు నవ్వాడు.

"ముట్టుకోకు వదినా. బూడిదైపోతావు. నీ కూతురు నెమ్మదిగా ఎల్లిపోతంది. ఎల్లనీ."

"నీ సేతులు పడిపోనూ! దాన్నేటి సేసినావురా? నీ అన్న ఉప్పు తిని పెరిగినోడివి కాదేటిరా నువ్వు!"

"అన్నకి పిల్లల్లేరు కదా వదినా! కాగితం సూడు."

ఆదిలక్ష్మమ్మ ఒళ్ళు మండిపోయింది. కానీ తిట్టి లాభం లేదని ఆమెకి తెలిసిపోయింది. కూతురి గోళ్ళు అప్పటికే నీలం రంగుకి తిరుగుతున్నాయి. ఆమె వలయం బయట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె పుట్టింట్లో ఒక అలవాటుండేది. కాన్పు కష్టమై బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మంత్రసాని గడప దగ్గర కూర్చుని ఆ ఇంటి తల్లుల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలిచేది. పిలిస్తే ఆ తల్లులంతా వచ్చి ఒక చెయ్యి వేస్తారని వాళ్ళ నమ్మకం. తాయారు పుట్టినప్పుడూ అలాగే పిలిచారు. ఇంకేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

"తాయారమ్మా! నాను మీ అమ్మని, ఆదిలచ్చిమిని! నన్ను కన్నది సింహాసెలం! ఆవిణ్ణి కన్నది పైడితల్లి! పైడితల్లిని కన్నది బంగారమ్మ!"

పైన మంత్రం... కింద తల్లుల పేర్లు! "విలియం వర్మ నామధేయా!" అని అతను అరిస్తే, "బంగారమ్మని కన్నది నారాయణమ్మ!" అని ఆమె అరిచింది. ఆఖరి పేరు దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది. గొంతు జీరబోయింది. అయినా ఆపలేదు. గుమ్మంలో ఎల్లారావు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

మూడు గంటల యాభై నిమిషాలు... సూర్యుడు గోరంత మిగిలాడు! పడమర చుక్క ఒకటి పొడిచింది. మబ్బు తునక లేని ఆకాశం ఉరిమింది! గురునాథరావు ఇరవయ్యో మెట్టు మీద నిలబడి ఉన్నాడు... "రాబర్ట్ వర్మ నామధేయా, ఉత్తిష్ఠ!" దీపం లేచింది. అతను పంచె పైకి దోపి, ఇరవై ఒకటో మెట్టు మీద కాలు ఆనించకుండా, ఒక్క అంగలో ఇరవై రెండో మెట్టు ఎక్కేశాడు. కపాలాన్ని రెండు చేతులా ఎత్తిపట్టాడు.

"రాబర్ట్ వర్మణః పితా... గిల్బర్ట్ వర్మ నామధేయా! ఉత్తిష్ఠ! అవతర! అవతర!"

కపాలం దవడ టకటకమని కొట్టుకుంది! కళ్ళ తొర్రల్లోంచి పొగ చిమ్మింది. ఆ పొగ చిక్కబడి, ఇనుప చొక్కా తొడిగిన ఒక మహాకాయుడై మెట్ల మీద నిలబడింది... తల లేని మహాకాయుడు! గురునాథరావు ఆనందం పట్టలేక వికటాట్టహాసం చేశాడు. "దిగు ప్రభూ! కిందన నీ పీఠం ఉన్నాది!"

ఆ ఆకారం కిందికి కాలు చాచింది. చాచిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

ఇరవై ఒకటో మెట్టు మీద చీకటి ఉంది. దీపం లేని ఆ ఒక్క మెట్టు మీదే చీకటి ముద్దగా కూర్చుని ఉంది. కిందనుంచి ఆదిలక్ష్మమ్మ మళ్ళీ పిలిచింది. "ఆవిణ్ణి కన్నది పైడితల్లి! పైడితల్లిని కన్నది..." ఆ పిలుపుకి ఆ చీకటి లేచి నిలబడింది! పదిహేడేళ్ళ అమ్మాయి! గంటలకొద్దీ తాళ్ళు పట్టుకుని పాకిన అరచేతులు దోక్కుపోయి ఉన్నాయి. ముతక గౌను నిండా తుప్పు మరకలు. ఆమె తన తండ్రి గిల్బర్ట్ ముఖం ఉండాల్సిన చోటు వంక ఒక్క చూపు చూసింది. వందలమందిని ఉరితీయించిన ఆ ప్రభువు రెండడుగులు వెనక్కి వేసి, పొగై, కపాలంలోకి ముడుచుకుపోయాడు.

ఇరవై ఒక్క దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి!

అప్పుడు తాయారు నోరు తెరిచింది. మాట ఆ అమ్మాయిది, నాలుక తాయారుది. అందుకే ఆ మాట మన భాషలోనే వచ్చింది.

"నా పేరేదిరా?"

గురునాథరావు చేతుల్లో కపాలం జారి దొర్లింది.

"ఈడి తల కోట గుమ్మానికి యేలాడి కాకులు పొడుస్తంటే, తాళ్ళట్టుకుని పాకి దించినది నాను! నలభై ఏళ్ళు ఆ కోట నిలబెట్టినది నాను! కింద నువ్వు పిలిసిన పేర్లన్నీ నా కడుపులోంచి వొచ్చినవే! నా మెట్టు మీద దీపమేదిరా? నా పేరేదిరా?"

ఆ పేరు అతనికి తెలుసు. పుస్తకంలో చదివాడు. అవెలీన్! తెలిసీ వదిలేసిన పేరది.

"మెట్టు కాళీగా ఉండకూడదు. నువ్వు నిలబడు!"

కాళ్ళు అతని మాట వినడం మానేశాయి. ఒక్క మెట్టు కిందికి దిగి, ఆ చీకటి మెట్టు మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మెడ దానంతటదే ముందుకి వంగింది, కొయ్య మీద ఆనించినట్టు! ఎక్కడో చాలా ఎత్తున గొడ్డలి గాలిని కోసిన చప్పుడు... అది మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగుతోంది! ఆ విద్యలో మినహాయింపు ఒకటే. పిలిచినవాడు తప్పు చేస్తే, అతని రక్తం పంచుకున్నవాళ్ళు ఎవరైనా 'వీడు మావాడు' అని చెప్పాలి. చెబితే దెబ్బ ఆగుతుంది. గురునాథరావుకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఈ లోకంలో అతని రక్తం ఒక్కచోటే ఉంది.

"తాయారమ్మా!" అతను బావురుమన్నాడు. "నాను మీ సిన్నాన్ననమ్మా! సెప్పమ్మా! ఈడు మావోడని ఒక్క ముక్క సెప్పమ్మా! బుజాల మీద ఎక్కించుకుని అప్పన్న సెందనోత్సవం సూపించినాను కదమ్మా! మరిసిపోనావేటి?"

అవెలీన్ ఆ నాలుకని వదిలేసింది. బూడిద వలయం చెదిరిపోయింది. తాయారు కళ్ళలోకి చూపు తిరిగొచ్చింది. ముక్కు కింద నెత్తురు తుడుచుకుని, తల్లి భుజం పట్టుకుని లేచి నిలబడింది. ఆమె మరిచిపోలేదు. ఆ భుజాలు గుర్తున్నాయి, ఆ జనం గుర్తున్నారు, ఆయన కొనిపెట్టిన జీళ్ళు గుర్తున్నాయి. అవన్నీ గుర్తొచ్చే ఆమెకి మరింత కోపం వచ్చింది. ఏ ఎరగనివాడో చేసి ఉంటే ఇంత మండేది కాదు.

"మా నాన్న నిస్సంతు" అంది తాయారు. "నువ్వే రాసినావు. నువ్వే సంతకం ఎట్టినావు. మా నాన్నకి నాను పుట్టనే లేదు. పుట్టనిదాన్ని పట్టుకుని సాచ్చం అడుగుతావేటి?"

"తాయారూ!"

అదే అతని ఆఖరి మాట. గొడ్డలి ఎవరికీ కనపడలేదు. చప్పుడు మాత్రం అందరికీ వినపడింది! ఒక్క చుక్క నెత్తురు చిందలేదు. గురునాథరావు తల ఇరవై ఒక్క మెట్లూ దొర్లుకుంటూ వచ్చి హాలు నేల మీద ఆగింది. మెట్ల పైన అమ్మాయి లేదు, పొగ లేదు.

బయట వెలుగు మెల్లగా మళ్ళింది. రేవులో ఏదో ఓడ హారన్ వేసింది. కొండ కింద వాడలో ఇళ్ళ తలుపులు తెరుచుకుంటున్నాయి. విడుపు స్నానాలకి ఆడవాళ్ళు బావుల దగ్గర బిందెలు చప్పుడు చేస్తున్నారు. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని వాలు దిగారు. కాలిన చేతిని కొంగులో చుట్టుకున్న ఆదిలక్ష్మమ్మ సగం దూరం వచ్చాక ఆగింది.

"ఒక్క మాట సెప్తే బతికీవోడు కదే..."

"బతికీవోడే అమ్మా. బతికి, సోమారం మళ్ళీ నన్ను సంపీవోడే."

ఆదిలక్ష్మమ్మ దారిలో కనపడిన మొదటి బావి దగ్గర రెండు చేదలు నీళ్ళు తోడి, కూతురి తల మీద పోసింది.